తలా ఒక కట్ట

రూత్‌కు కోపం వస్తే గొంతు పెంచదు. చేతికి ఏది దొరికితే దాన్ని సర్దడం మొదలుపెడుతుంది. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆర్మూర్ సర్కారు బడిలో, సైన్సు సామాన్లు పెట్టే ఇరుకు గదిలో, ఆమె సుద్దముక్కలన్నీ పొడుగు ప్రకారం వరుసగా పేరుస్తూ కూర్చుందంటే లోపల ఎంత మండుతోందో తెలుసుకోవచ్చు. ఎదురుగా కుర్చీలో దయానంద్ సార్ ఉన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధకుడు. ఈ బడిలో ఎనిమిది నెలలుగా సాగుతున్న లాటిన్ చదువు మొత్తానికి ఆయనే పెద్ద. ఆయన అడగాల్సింది ఎంతో మర్యాదగా అడిగాడు. అందుకే ఆమెకు మరీ ఒళ్ళు మండింది.

"రూత్ గారూ, దాచకుండా చెప్పండి. రెండో జట్టు పిల్లలకు మీరు చాటుగా పాఠం చెప్పారా?"

చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి ఆమె ఎంత గుండె రాయి చేసుకుందో ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం తెలుసు?

సంగతి మొదటినుంచీ చెప్పాలి. ఈ బడి ఇంగ్లీషు మీడియం అయిపోయి కొన్నేళ్ళయింది. అయింది అంటే పుస్తకాలు అయ్యాయి. పిల్లలు ఎప్పటి పిల్లలే. ఏడో తరగతికి వచ్చినా తెలుగు వాక్యం కూడబలుక్కునేవాళ్ళు సగం మంది ఉంటే, వాళ్ళ చేతిలో ట్రాన్స్‌పరెంట్ అనీ సబ్‌మెరైన్ అనీ మూరెడేసి మాటలున్న సైన్సు పుస్తకం పెట్టి చదువుకోండి అన్నారు. ఎవరిని తిట్టాలో తెలియక టీచర్లు పిల్లలనే తిడుతూ వచ్చారు.

అప్పుడు హైదరాబాదులో ఒక సంస్థకు ఆలోచన వచ్చింది. ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలు సగానికి సగం లాటిన్ నుంచి వచ్చినవే కదా, ఆ వేర్లు కొన్ని, చిన్న చిన్న కథలతో కలిపి నేర్పిస్తే పిల్లలు కొత్త మాట కనబడినప్పుడు భయపడకుండా తమంతట తామే విప్పుకుంటారేమో, చదవడం మెరుగవుతుందేమో చూద్దాం అని. బయటి దేశాల్లో చూశారట, ఇక్కడా చూద్దామన్నారు. బి.ఎడ్. చేసి, రెండుసార్లు డీఎస్సీలో కొద్దిలో తప్పిపోయి, ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్న రూత్‌ను పిలిచి, మూడు వారాలు శిక్షణ ఇచ్చి, చేతిలో పుస్తకాలు పెట్టి పంపారు.

మొదట్లో రూత్‌కే నవ్వొచ్చింది. తెలుగే రాని పిల్లలకు లాటినా అనుకుంది. బడి కమిటీ చైర్మన్ భోజన్నకు ఇంకో అనుమానం. అది చర్చిలో ప్రార్థనల భాష కదా అన్నాడు, ఆమె పేరును ఒకసారి, మొహాన్ని ఒకసారి చూసి. రూత్ ఆయన్ని వెంటబెట్టుకుని మార్కెట్ రోడ్డులో విత్తనాల దుకాణానికి తీసుకుపోయి, గోడ మీద పసుపు పంట బొమ్మ కింద కుర్కుమా లాంగా అని రాసి ఉన్నది చూపించింది. లాంగా అంటే పొడుగు, లాటిన్ మాట, మీ దుకాణాల గోడల మీదకు ఎప్పుడో వచ్చి కూర్చుంది, దానికి ఎవరూ బాప్తిస్మం ఇవ్వలేదు అంది. నలభై ఏళ్ళుగా పసుపు పండిస్తూ ఆ అక్షరాల వంక ఎన్నడూ చూడని భోజన్న అక్కడే నిలబడి రెండుసార్లు లాంగా, లాంగా అనుకున్నాడు. ఆ తర్వాత అడ్డం చెప్పలేదు.

ఏడో తరగతిలో అరవై మంది. పరిశోధన అన్నాక అందరికీ చెప్పకూడదట. స్టీలు బిందెలో చీటీలు వేసి తీశారు. ముప్ఫై మంది మొదటి జట్టు, వాళ్ళకు రోజూ మూడింటికి లాటిన్. మిగతా ముప్ఫై మంది రెండో జట్టు, వాళ్ళకు ఏమీ లేదు. వాళ్ళు ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉండాలి, ఏడాది చివర రెండు జట్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. దానికి బదులుగా వచ్చే యేడు రెండో జట్టు వంతు అని కాగితంలో రాసి, తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించారు. పుస్తకం మొదటి జట్టు చేయి దాటి పోకూడదని గట్టిగా చెప్పమన్నారు. రూత్ చెప్పింది. పుస్తకం ఎవరికన్నా ఇచ్చారో తోలు తీస్తానంది.

సాయిమా చీటీ రెండో జట్టులో వచ్చింది.

పన్నెండేళ్ళ పిల్ల. తండ్రి రహీం గల్ఫ్‌లో, దమ్మాంలో డ్రైవరు. తల్లి షహర్బానో బీడీలు చుడుతుంది, బడి నుంచి పోయాక సాయిమా కూడా చుడుతుంది. చదవమంటే పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని పెదాలు కదుపుతుంది. పక్కవాళ్ళు అన్నది వెంటనే అంటుంది. ఒంటరిగా చదవమంటే ఒక్క లైను రాదు. జూన్ నెల పరీక్షలో ఆ పిల్ల పేరు పక్కన రూత్ తన చేత్తోనే సున్నా వేసింది.

రోజూ మూడింటికి మొదటి జట్టు గదిలోకి పోతుంటే సాయిమా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది. ఉత్తగ కూసుంట మేడం, మాట్లాడ, గంతే, అనేది. వద్దు బిడ్డా, వచ్చే యేడు నీ వంతు, అని రూత్ తలుపు వేసేది. ఒక వానాకాలం మధ్యాహ్నం పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడితే రూత్ వచ్చి కిటికీ రెక్కలు కూడా మూసింది. అవతల వాన. ఆ రోజు ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంది. చదువు కావాలని వచ్చిన పిల్ల మొహం మీద తలుపు వేసే ఉద్యోగం తనకెందుకు వచ్చిందా అనుకుంది. అయినా మాట ఇచ్చింది కనుక నిలబెట్టుకుంది.

ఫిబ్రవరిలో చివరి పరీక్ష. హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఒక్కొక్క పిల్లనూ కూర్చోబెట్టి, ఎన్నడూ చూడని పాఠం చేతికిచ్చి చదివించారు. మొదటి జట్టు బాగా చదివింది. రెండో జట్టులో పందొమ్మిది మంది ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. పదకొండు మంది మాత్రం మొదటి జట్టుతో సమానంగా చదివేశారు. సాయిమా మొత్తం పేజీ చదివింది. ఆగి ఆగి చదివింది, కానీ చదివింది.

అందుకే దయానంద్ సార్ వచ్చి కూర్చున్నాడు.

"చెప్పలే సార్," అంది రూత్, ఆఖరి సుద్దముక్కను వరుసలో పెడుతూ. "చెప్పుంటే జర నా మనసన్న నిమ్మళంగ ఉంటుండె."

ఆయన నమ్మినట్టు లేదు. నమ్మనివాడితో వాదించడం ఆమెకు చేతకాదు. పదకొండు పేర్లూ చీటీ మీద రాసుకుని చూసింది. చూస్తే పదకొండు మందీ ఒక్క వాడకట్టు వాళ్ళే. రేపు మాట్లాడదాం అని చెప్పి సంచి తగిలించుకుంది.

ఆ వాడకట్టు పెర్కిట్ పోయే దారిలో ఉంది. పసుపు ఉడకబెట్టే కాలం కావడంతో గాలి అంతా ఆ ఘాటే. ఇళ్ళ ముందు గోనెల మీద పసుపు కొమ్ములు ఎండుతున్నాయి. షహర్బానో ఇంటి వరండాలో ఆడవాళ్ళూ ఆడపిల్లలూ కలిసి పదిహేను మంది దాకా ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మగపిల్లలు మెట్ల మీద కూర్చుని తునికాకు కత్తిరిస్తున్నారు. మధ్యలో గోడకు ఆనుకుని కూర్చున్న ఒక్క పిల్ల ఒళ్ళో మాత్రం చాట లేదు, పుస్తకం ఉంది. ఆ పిల్ల సంధ్య, మొదటి జట్టులో చురుకైనది. పుస్తకం సంధ్య రెండు చేతుల్లో ఉంది. దానిలోకి తొంగి చూస్తూ చదువుతున్నది సాయిమా.

చదువుతున్న సాయిమా ముందు ఖాళీ చాట ఒకటి పెట్టి ఉంది. రూత్ చూస్తుండగానే ఒకామె పాతిక బీడీల కట్టకు దారం చుట్టి అందులో వేసింది. కాసేపటికి పక్కామె ఇంకో కట్ట వేసింది.

రూత్‌ను చూసి పిల్లలు బిగుసుకుపోయారు. సంధ్య లేచి పుస్తకాన్ని గుండెకు హత్తుకుని నిలబడింది. అడగకముందే చెప్పేసింది.

"పుస్తకం ఇయ్యలే మేడం. మీరు ఇయ్యొద్దన్నరు గదా, నా చేతులకెళ్ళి ఇడిసిపెట్టలే. సూసి సదువుకుంటున్నరు, గంతే."

షహర్బానో రూత్‌కు పీట వేసి, నీళ్ళిచ్చి, సంగతి చెప్పింది. ఈ వరండాలో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. ఎవరికన్నా జ్వరమొచ్చినా, చంటిపిల్లకు పాలివ్వడానికి లేచినా, వాళ్ళ పని ఆగకూడదని తలా ఒక కట్ట వాళ్ళ చాటలో వేస్తారు. జూలైలో సంధ్య హోంవర్కు ఉందని ఏడ్చింది. బీడీలు చుడితే చదువు కాదు, చదివితే బీడీలు కావు. అయితే బయటికే చదువు బిడ్డా, మేము కూడా వింటాం, నీ చాట మేము నింపుతాం అన్నారు. అలా మొదలైంది. చదివినంత సేపు చేతులకు సెలవు అని పిల్లలందరికీ తెలిసిపోయింది. ఆకు కత్తిరించి కత్తిరించి వేళ్ళు పగిలిపోయిన పిల్లలు. నేను చదువుతా అంటే నేను చదువుతా అని పోటీ పడ్డారు. చూడకుండా అప్పజెప్పితే కట్ట పడదు, వేలు పెట్టి అక్షరం చూపిస్తేనే పడుతుంది. ఆ షరతు పెట్టింది వాడకట్టులో అందరికంటే పెద్దది రత్నవ్వ. ఆమెకు ఒక్క అక్షరం రాదు.

"ఉత్తగనే నోటికి అంటే నాకు ఎర్కయితది టీచరమ్మా," అంది రత్నవ్వ, తల ఎత్తకుండా. "సూపు యాడుందో సూస్త నేను."

అంతలో మేక ఒకటి తునికాకు వాసనకు గేటులోంచి తల పెట్టింది. రత్నవ్వ చెయ్యి ఊపి, "ఇయానువం క్లౌదో, ఇయానువం క్లౌదో," అని కసిరింది. ఒక పిల్ల లేచి పోయి గేటు వేసింది. తలుపు మూస్తున్నాను అని అర్థం. పదకొండో పాఠంలోది. నెలల తరబడి ఈ వరండాలో మేక వచ్చినప్పుడల్లా అదే మాటట.

రూత్‌కు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు తడి అయ్యాయి. తను తలుపులూ కిటికీలూ మూసుకుని కాపాడిన పాఠం ఇక్కడ తలుపు లేని వరండాలో పొద్దుగూకేదాకా సాగుతోంది. బీడీలు చుట్టి అరచేతులు నల్లబడ్డ ఆడవాళ్ళు తమ పని తగ్గించుకుని మరీ పిల్లల చేత చదివించారు. ఏ సంస్థా వీళ్ళకు శిక్షణ ఇవ్వలేదు.

మర్నాడు లాటిన్ క్లాసు గదిలో ఆమె దయానంద్ సార్‌కు జరిగిందంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. వింటూ వింటూ మొహం వెలిగి, ఎంత బాగుందండీ అన్నాడు. రెండు నిమిషాలు గబగబా రాసుకున్నాడు కూడా. తర్వాత పెన్ను ఆగింది. నుదురు రుద్దుకున్నాడు. చిక్కేమిటో ఓపిగ్గా వివరించాడు. ఈ పదకొండు మందిని రెండో జట్టులో ఉంచితే, ఆ జట్టు కూడా పైకి వచ్చినట్టు కనబడుతుంది, లాటిన్ వల్ల పెద్ద తేడా లేదని తేలుతుంది. మొదటి జట్టులోకి మార్చడానికి రూలు ఒప్పుకోదు. కాబట్టి వాళ్ళ పేర్లు తీసేయాలి. వాళ్ళ ఫలితం కలుషితమైపోయింది.

"కలుషితమా?" అంది రూత్.

అది పరిశోధనలో వాడే మాటేనండీ, తప్పుగా అనుకోవద్దు అన్నాడాయన.

"మరి వచ్చే యేడు వాళ్ళ వంతు?"

దయానంద్ నిన్నే అచ్చు వేయించి పెట్టుకున్న కాగితం సంచిలోంచి తీశాడు. వచ్చే యేడు క్లాసు మంజూరైంది పరిశోధనలో ఉన్న పిల్లలకేనట. తీసేసిన పిల్లలు అందులో లేనట్టే లెక్కట. ఈ రూలు తను పెట్టింది కాదు, పైన పెట్టారు. ఈ కాగితంలో పదకొండు పేర్లున్నాయి, పక్కన కారణం అనే గడి ఉంది. స్థానిక టీచరుగా ఆ గడి నింపి మీరు సంతకం పెడితే నేను కింద పెడతాను, సాయంత్రం బస్సుకు పోవాలి, అన్నాడు.

రూత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈసారి సర్దడానికి చేతికి ఏమీ దొరకలేదు.

"సార్, నేను తలుపు ఏసిన. కిటికీ కూడ మూసిన. ఎనిమిది నెలలు గా పిల్ల మొకం సూడలేక తల దించుకోని పాఠం చెప్పిన. ఎందుకు? వచ్చే యేడు నీ వంతు అని మాటిచ్చిన కాబట్టి. లాటిన్ పిల్లలకు పనికొస్తదా అని గదా మీరు అడగనీకి వచ్చింది? వచ్చింది సార్. మీరనుకున్న దానికంటే ఎక్కువొచ్చింది. క్లాసుల కూసున్నోళ్ళకే కాదు, విన్నోళ్ళకు కూడ వచ్చింది. గది మీ కాగితంల పట్టకపోతే కాగితం పెద్దగ చేసుకోవాలె. పిల్లల్ని కోసేస్తరా?"

గోడ గడియారం మూడు కొట్టింది.

మూడింటికి సాయిమా గుమ్మం దగ్గర ఉంది. పరీక్షలు అయిపోయాయి, లాటిన్ క్లాసు కూడా అయిపోయింది, అయినా అలవాటు కొద్దీ వచ్చింది. గుమ్మం దాటలేదు, తలుపు వేస్తారని ఎదురుచూస్తూ నిలబడింది. రూత్ లోపలికి రా అంది. పిల్ల నమ్మలేక ఒకసారి వెనక్కి చూసి, చెప్పులు విప్పి వచ్చింది.

బల్ల మీద కాగితం అలాగే ఉంది. అక్షరం కనబడితే చదవకుండా ఉండలేని దశలో ఉంది సాయిమా. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టింది. వరండాలో కట్ట పడాలంటే వేలు పెట్టాలి కదా.

"ఎక్స్... క్లూ... డెడ్," అని కూడబలుక్కుంది. తర్వాత తనలో తనే విప్పుకుంది. "ఎక్స్ అంటే బయటికి. క్లూడ్ అంటే... క్లౌదో లెక్కనే ఉంది గదా మేడం. మూసుడు. బయటేసి తలుపు మూసుడు."

ఆ మాట ఎవరూ ఆ పిల్లకు నేర్పలేదు. పుస్తకంలో లేదు, వరండాలో లేదు. దయానంద్ కుర్చీలో ముందుకు వంగాడు. ఎనిమిది నెలలుగా, అరవై మంది పిల్లల్లో, ఆయన వెతుకుతున్నది సరిగ్గా ఇదే. ఆయన కళ్ళముందే జరిగింది.

సాయిమా వేలు కిందికి జరిగి మూడో పేరు దగ్గర ఆగింది. "గిది నా పేరు," అంది. ఇంకా నవ్వుతూనే ఉంది, తన పేరు అచ్చులో చదివినందుకు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. పైనున్న మాట వంక మళ్ళీ చూసింది, కిందున్న పేరు వంక చూసింది.

"నేనేం చేసిన మేడం?"

జవాబు చెప్పాల్సినవాళ్ళిద్దరూ ఆ గదిలోనే ఉన్నారు.

రూత్ పెన్ను తీసుకుంది. మొదటి పేరు పక్కన కారణం గడిలో తెలుగులో గుండ్రంగా రాసింది: చదవడం నేర్చుకున్నందుకు. రెండో పేరు పక్కన అదే రాసింది. మూడో పేరు, నాలుగో పేరు. పైదే అని చుక్కలు పెట్టి వదిలేయలేదు. పదకొండుసార్లూ పూర్తిగా రాసింది. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితాన్ని దయానంద్ వైపు తిప్పింది.

"మీరు సంతకం పెట్టేది దీనికింద సార్."

ఇలా రాస్తే పైన ఒప్పుకోరు, కలుషితం అనే రాయాలి అన్నాడాయన, గొంతు తగ్గించి. ఆ మాట మీరు వేరే కాగితం మీద మీ చేత్తో రాసుకోండి, నా పేరు కింద మాత్రం ఇదే ఉంటుంది అంది రూత్. దయానంద్ పెన్ను మూత తీశాడు. కాగితం చూశాడు. దాని మీదే వేలు పెట్టి మూడో గడి చదువుతున్న పిల్లను చూశాడు. మళ్ళీ మూత పెట్టాడు. కాగితాన్ని మడిచి సంచిలో వేసుకున్నాడు. హైదరాబాదులో మాట్లాడి చెబుతానన్నాడు.

చెప్పేవాళ్ళు చెప్పినప్పుడు చూద్దామనుకుంది రూత్. మాట ఇచ్చింది హైదరాబాదు కాదు, తను. లేచి బీరువా తెరిచింది. వచ్చే యేటి పుస్తకాలు ముప్ఫై, కట్ట విప్పకుండా ఉన్నాయి. దారం తెంపి పైదాన్ని తీసి సాయిమా ముందు పట్టుకుంది.

పిల్ల తీసుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మా చేతికి ఇయ్యొద్దు గదా మేడం," అంది.

వాళ్ళ మీదా వీళ్ళ మీదా ఎగిరెగిరి పడిన కోపమంతా తిరిగి వచ్చి తన మీదే పడింది. ఆ మాట ఈ పిల్లకు నేర్పింది తనే.

"ఇయ్యొద్దని చెప్పింది నేనే. ఇప్పుడు ఇస్తున్నది కూడ నేనే. పట్టుకో బిడ్డా."

తంబాకు మరకలున్న చేతులను సాయిమా చున్నీకి రెండుసార్లు తుడుచుకుని, పుస్తకం అందుకుంది.